ర్యాంకు వచ్చాక రెండు పీరియడ్లు: జూనియర్ కాలేజీల ప్రిన్సిపాళ్ళకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాళ్ళకు, యాజమాన్యాలకు, ఎంపీసీ చెప్పే లెక్చరర్లకు,

నమస్కారం. ఇంజినీరింగ్ ప్రవేశాల వేళ తెలంగాణలోని హెల్ప్‌లైన్ కేంద్రాల్లో సర్టిఫికెట్లు చూసేవాళ్ళం, వెబ్ ఆప్షన్ల దగ్గర, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టుకునే చోట, పిల్లల సందేహాలు తీర్చేవాళ్ళం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది.

రెండేళ్ళపాటు తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలుపెట్టి రాత్రి దాకా పిల్లల చేత లెక్కలు చేయిస్తారు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లోని 160 ప్రశ్నల్లో లెక్కలవి 80, ఫిజిక్స్‌వి 40, కెమిస్ట్రీవి 40 అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు వాళ్ళు. ర్యాంకు కార్డు చేతికి వచ్చిన మర్నాటి నుంచి మాత్రం ఆ పిల్లలు ఎవరికీ పట్టనివాళ్ళు. టాపర్ల ఫొటోలు ఫ్లెక్సీలకు ఎక్కుతాయి. 24,000 ర్యాంకు వచ్చిన అమ్మాయి నెట్ సెంటర్లో వెనక కుర్చీలో కూర్చుని, తనకు సంబంధించిన నాలుగేళ్ళను ముక్కూమొహం తెలియని మనిషి టైపు చేస్తుంటే చూస్తూ ఉంటుంది. ర్యాంకు తెచ్చుకోవడం ఒక చదువు, ఆ ర్యాంకుకు తగ్గ సీటు తెచ్చుకోవడం ఇంకొక చదువు. రెండోది ఎవరూ చెప్పడం లేదు. అది చెప్పడానికి మీకు పట్టేది రెండు పీరియడ్లు. జనవరిలో ఒకటి, ఎప్‌సెట్ ఫలితాలు వచ్చాక ఒకటి. ఆ రెండు పీరియడ్లలో ఏం చెప్పాలో కింద రాస్తున్నాం.

జనవరి పీరియడ్‌లో మాట్లాడాల్సింది కాగితాల గురించి. హెల్ప్‌లైన్ కేంద్రంలో పిల్లలు వెనక్కి వెళ్ళేది ర్యాంకు తక్కువై కాదు, బోనఫైడ్, అంటే ఏ బడిలో ఏ తరగతి చదివారో చెప్పే స్టడీ సర్టిఫికెట్, లేక. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. అంటే వరుసగా ఏడేళ్ళవి, మధ్యలో ఒక్క ఏడాది కూడా ఖాళీ లేకుండా. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మారిన పిల్లవాడి దగ్గర రెండు బడులవీ ఉంటాయి గానీ, మొదటి బడివాళ్ళు ‘6 నుంచి 8 వరకు చదివెను’ అని, రెండో బడివాళ్ళు ‘9, 10 చదివెను’ అని రాసిస్తారు. ఎనిమిదో తరగతి పూర్తి చేసిందెక్కడో తేలదు. ఏ తరగతి, ఏ విద్యా సంవత్సరం అన్నది విడివిడిగా రాయించుకోవాలని జనవరిలోనే చెబితే మళ్ళీ వెళ్ళి సరిచేయించుకునే వ్యవధి ఉంటుంది. జూన్, జూలైల్లో ఆ బడి గుమాస్తా కొత్త అడ్మిషన్ల హడావుడిలో ఉంటాడు. మూతపడిన ప్రైవేటు బడి అయితే రికార్డుల కోసం మండల విద్యాధికారి కార్యాలయంలో వాకబు చేయాలి. అది ఒక్క రోజులో తెమిలే పని కాదు.

ఈ స్టడీ సర్టిఫికెట్లు ఎందుకన్నది పిల్లలకు చెప్పరు కాబట్టే వాటిని తేలిగ్గా తీసుకుంటారు. కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకు మీద ఇచ్చే సీట్లలో 85 శాతం స్థానికులవి. స్థానికత తేలేది ఇంటి అడ్రసుతో కాదు, చదువుతో. అర్హత పరీక్ష, అంటే ఇంటర్ రెండో ఏడాది, పూర్తయ్యే నాటికి వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఇక్కడ చదివి ఉండాలి. తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాది, రెండో ఏడాది. పుట్టింది, పెరిగింది, పది దాకా చదివింది ఖమ్మంలోనే అయినా, ఇంటర్ రెండేళ్ళు విజయవాడ క్యాంపస్‌లో ఉంటే ఆ వరుస తెగిపోయినట్టే. 2025లో మారిన నిబంధనల తర్వాత ఇలాంటి పిల్లలు తమ తల్లిదండ్రులు తెలంగాణలో పదేళ్ళు నివసించారనే ఆధారం చూపించి మిగిలిన 15 శాతంలో పోటీ పడాల్సి వస్తుంది. ఈ సంగతి తెలియాల్సింది ఎప్‌సెట్ రాశాక కాదు, పదో తరగతి అయిన వేసవిలో. ‘అక్కడి క్యాంపస్ బాగుంటుంది, పంపించండి’ అని పక్క రాష్ట్రంలో చేర్పించే కాలేజీలు అడ్మిషన్ ఫారం మీద సంతకం తీసుకునే ముందు ఈ ఒక్క వాక్యం తండ్రికి చెప్పి తీరాలి. చెప్పకపోవడం మా దృష్టిలో చిన్న తప్పు కాదు.

ఆదాయ ధ్రువపత్రం సంగతి దీనికి తలకిందులు. స్టడీ సర్టిఫికెట్ ఎంత ముందు తెచ్చుకుంటే అంత మేలు, ఆదాయ పత్రం మరీ ముందు తెచ్చుకుంటే పనికిరాదు. ప్రవేశాలు జరిగే ఏడాది జనవరి 1 తర్వాత తహసీల్దార్ జారీ చేసినదే చెల్లుతుంది. డిసెంబర్‌లో స్కాలర్‌షిప్ కోసం తీసిన పత్రం ఉందిగా అని ధీమాగా వచ్చేవాళ్ళు ప్రతి కేంద్రంలోనూ కనిపిస్తారు. వాళ్ళకు ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత నమోదు కాదు, మీసేవ చుట్టూ తిరిగి మళ్ళీ రావాలి. ఓసీల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రం కూడా అంతే, పాతది కుదరదు. అది కావాల్సినవాళ్ళకు కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఓసీ పిల్లల్లో చాలామందికి తాము దీనికి అర్హులమనే తెలియదు. 10 శాతం సీట్లు ఆ కోటాలో ఉన్నాయి.

ఎస్సీ వర్గీకరణ 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఎస్సీలకున్న 15 శాతం రిజర్వేషన్ ఇప్పుడు 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులకు చీలింది. తమ ఉపకులం ఏ గ్రూపులో ఉందో పిల్లలు తెలుసుకుని ఉండాలి. బీసీల్లో ఎ, బి, సి, డి, ఇ లకు వరుసగా 7, 10, 1, 7, 4 శాతాలు. కుల ధ్రువపత్రం మీద బీసీ అని మాత్రమే గుర్తుపెట్టుకుని గ్రూపు అడిగితే తెల్లమొహం వేసేవాళ్ళున్నారు.

జేఈఈ రాసే పిల్లలకు ఇంకొక చిక్కు ఉంది. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో రాష్ట్రం ఇచ్చిన బీసీ పత్రం చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసినది కావాలి. రాష్ట్ర జాబితాలో బీసీలైనంత మాత్రాన కేంద్ర ఓబీసీ జాబితాలోనూ ఉంటారని లేదు. మీ కాలేజీలో జేఈఈ బ్యాచ్ ఉంటే ఏప్రిల్ మొదటి వారంలో గేటు దగ్గర ఒక కాగితం అంటించండి చాలు.

పేర్ల గొడవ చిన్నదిగా కనిపిస్తుంది గానీ రోజంతా తినేస్తుంది. పదో తరగతి మెమోలో ‘సాయికిరణ్’, ఆధార్‌లో ‘సాయి కిరణ్’, కుల పత్రంలో ఇంటిపేరు ముందు, ఆదాయ పత్రంలో తండ్రి పేరు పొట్టి అక్షరాల్లో. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని మిగతా కాగితాలన్నీ దానికి సరిపెట్టమని చెప్పండి. పిల్లల చేత అన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టించి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఎర్ర పెన్నుతో సరిచూసుకోమంటే పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

ఇంటర్ మార్కుల గురించి ఒక మాట. తెలంగాణలో ఎప్‌సెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు. అందుకని పిల్లలు బోర్డు పరీక్షను ఉత్త లాంఛనం అనుకుంటున్నారు. కానీ గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వుడు వర్గాలకైతే 40 శాతం మార్కులు లేకపోతే ఎంత మంచి ర్యాంకున్నా ఇంజినీరింగ్ సీటుకు అర్హత లేదు. సీబీఎస్‌ఈ లాంటి ఇతర బోర్డుల పిల్లలు తమ మార్కులు తామే సమర్పించాలి. ఇంటర్ బోర్డు పిల్లలవి మాత్రం బోర్డు నుంచే వెళ్తాయి.

ఇక టీసీ. ఈ మాట రాయకుండా ఉందామనుకున్నాం, కుదరదు. రెండో ఏడాది ఫీజు బాకీ ఉందని టీసీ, బోనఫైడ్ ఆపే కాలేజీలున్నాయి. బాకీ వసూలు చేసుకోవడానికి మీకు వేరే దారులున్నాయి. హెల్ప్‌లైన్ కేంద్రంలో తనకిచ్చిన స్లాటు తేదీకి కాగితం లేని పిల్లవాడికి ఒక్కటే దారి, ఆ విడత కౌన్సెలింగ్ వదులుకోవడం. మీకు రావాల్సిన డబ్బుకు వాడి సీటు తాకట్టు పెట్టకండి.

ఫలితాల తర్వాతి పీరియడ్ అసలైనది. దీనికి కొంచెం తీరిగ్గా కూర్చోవాలి.

క్రమం ఇలా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ప్రాసెసింగ్ ఫీజు కట్టాలి. అది ఓసీ, బీసీలకు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 600 రూపాయలు. తర్వాత హెల్ప్‌లైన్ కేంద్రంలో స్లాటు బుక్ చేసుకోవాలి, కాగితాలు చూపించాలి. పరిశీలన అయ్యాక ఇచ్చే పత్రంలో కులం, స్థానికత, ఆదాయం, ప్రత్యేక కోటా సరిగ్గా పడ్డాయో లేదో కుర్చీలోంచి లేవకముందే చదువుకోవాలి. అక్కడ పొరపాటున ‘రీయింబర్స్‌మెంట్ అర్హత లేదు’ అని పడితే ఆ తప్పు నాలుగేళ్ళూ వెంటాడుతుంది. తర్వాత లాగిన్ ఐడీ ఫోన్‌కు వస్తుంది. అది, హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, పాస్‌వర్డ్‌లతో లోపలికి వెళ్ళి ఆప్షన్లు పెట్టాలి. ఆ ఫోన్ నంబరు ఇంట్లోవాళ్ళది అయి తీరాలి. నెట్ సెంటర్ అతను తన నంబరు కొట్టేస్తే ఓటీపీలన్నీ అతనికే వెళ్తాయి, సీటు సంగతి కూడా ముందు అతనికే తెలుస్తుంది. అది మార్పించుకోవడానికి మళ్ళీ తిరగాలి.

ఇప్పుడు సీట్లు ఎలా పంచుతారో చూద్దాం. ఈ ఒక్కటి అర్థమైతే సగం తప్పులు పోతాయి. కంప్యూటర్ ఒకటో ర్యాంకు నుంచి మొదలుపెడుతుంది. ఆ విద్యార్థి మొదటి ఆప్షన్‌లో సీటుందా? ఉంటే ఇచ్చేసి రెండో ర్యాంకుకు వెళ్తుంది. లేకపోతే అతని రెండో ఆప్షన్, మూడోది, అలా దిగుతుంది. 24,000 ర్యాంకు అమ్మాయి వంతు వచ్చేసరికి ముందున్న 23,999 మంది పని అయిపోయి ఉంటుంది. మిగిలిన సీట్లలో ఆమె జాబితాను పైనుంచి కిందికి చదువుతూ, ఆమెకు దక్కగల మొదటి సీటు దగ్గర ఆగుతుంది.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతాయి. అందని ఆప్షన్లు పైన ఎన్ని పెట్టుకున్నా నష్టం లేదు. కంప్యూటర్ వాటిని దాటుకుని కిందికి వస్తుంది, అంతే. ‘పెద్ద కాలేజీలు పెట్టి ఆప్షన్లు వృథా చేసుకోకు, ముందే వచ్చే కాలేజీ పెట్టుకో’ అన్న సలహా ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. అది పచ్చి తప్పు. ఒక కాలేజీ ఐటీ సీటును 24,001 ర్యాంకు అబ్బాయి మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నాడనుకోండి, మన అమ్మాయి 30వ ఆప్షన్‌గా పెట్టుకుందనుకోండి. కోటా అర్హతలు సమానంగా ఉంటే సీటు మన అమ్మాయిదే. మొదట పెట్టాడని అతనికి ఏ ప్రాధాన్యమూ ఉండదు, ఎందుకంటే ఆమె జాబితా చదవడం పూర్తయ్యాకే అతని జాబితా తెరుచుకుంటుంది. రెండోది, వచ్చే కాలేజీని ఒకటో నంబర్లో పెడితే అదే వస్తుంది. కింద ఇంకెంత మంచిది ఉన్నా కంప్యూటర్ చూడదు. జాబితా రాయాల్సింది ఇష్టం వరుసలో, అవకాశం వరుసలో కాదు. ఈ మాట బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి.

ఇష్టం వరుస అంటే ఏమిటన్న ప్రశ్న అప్పుడు వస్తుంది. కాలేజీ ముందా, బ్రాంచి ముందా? దానికి మా దగ్గర అందరికీ సరిపోయే జవాబు లేదు గానీ, ప్రశ్న అడగాల్సిన తీరు ఉంది. ప్రతి రెండు ఆప్షన్లను పక్కపక్కన పెట్టి, ‘ఈ రెండూ ఇస్తామంటే ఏది తీసుకుంటావ్?’ అని పిల్లను అడగాలి. క కాలేజీలో ఈసీఈ, గ కాలేజీలో సీఎస్‌ఈ. ఏది? జవాబు వచ్చాక గెలిచినదాన్ని దాని పైదానితో మళ్ళీ పోల్చాలి. చీట్ల పేకను పేర్చుకున్నట్టే ఉంటుంది. నలభై ఆప్షన్లయినా గంటలో వరుసకు వస్తాయి. తండ్రి ఇష్టం, పిల్ల ఇష్టం వేర్వేరు అని ఈ దశలోనే బయటపడితే ఇంట్లో తేల్చుకోవచ్చు.

ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు. పది పెట్టి ఆపేసినవాళ్ళకు ఆ పదిలో ఏదీ దక్కకపోతే ఆ విడతలో సీటే రాదు. అలాగని చేరనే చేరం అనుకున్న కాలేజీలను నింపకూడదు, వస్తే అదే వస్తుంది. కాలేజీ కోడ్ నాలుగక్షరాలు, బ్రాంచి కోడ్ మూడక్షరాలు. సీఎస్‌ఈ వేరు, కృత్రిమ మేధ ఉన్న సీఎస్‌ఎం వేరు, డేటా సైన్స్ సీఎస్‌డీ వేరు, సైబర్ సెక్యూరిటీ సీఎస్‌సీ వేరు. ఒకే యాజమాన్యానికి ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలుంటాయి, పేరు చివర ఊరో, ‘ఉమెన్’ అనో మాత్రమే తేడా. పేరు చూసి కాదు, కోడ్ చూసి పెట్టాలి. ముందు తెల్లకాగితం మీద కోడ్‌లతో జాబితా రాసుకుని, తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. సేవ్ చేసి, లాగ్ అవుట్ అయి, మళ్ళీ లాగిన్ అయి చూసుకుని, ప్రింటు తీసుకోవాలి. చివరి రోజు రాత్రి దాకా ఆగితే సర్వర్ సతాయిస్తుంది.

గత ఏడాది చివరి ర్యాంకుల పట్టిక వెబ్‌సైట్‌లో ఉంటుంది. దాన్ని చదవడం కూడా నేర్పాలి. మొదటి విడత పట్టిక వేరు, తుది విడత పట్టిక వేరు. జోసాలో సీట్లు వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక తుది విడతలో ర్యాంకులు వెనక్కి జరుగుతాయి. తుది విడత అంకె చూసి మొదటి విడతలో ఆశపడితే నిరాశే. మొదటి విడతలో రాలేదని బెంగపడి అప్పుడే మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు కట్టేసినా పొరపాటే. బీసీ పిల్లలు తమ వరుస ఒక్కటే చూసుకుంటారు గానీ, ఓపెన్ సీట్లలోనూ మెరిట్ మీద వాళ్ళకు హక్కుంది. అమ్మాయిలకు ప్రత్యేకంగా కేటాయించిన మూడో వంతు సీట్లు కాక జనరల్ సీట్లలోనూ పోటీ ఉంటుంది. ఇంకొకటి, ఈ అంకెలు ఏటా కదులుతాయి. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి బ్రాంచికి సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. ఒక కాలేజీలో సీఎస్‌ఈ సీట్లు పెరిగితే అక్కడి చివరి ర్యాంకు ఇంకా వెనక్కి, అంటే పెద్ద అంకెకు, జరుగుతుంది. పట్టికలోని అంకెకు అటూ ఇటూ బాగా వెడల్పుగా చూసుకోవాలి. 18,000 దగ్గర ఆగిన సీటును 24,000 ర్యాంకు పిల్ల కూడా పైన పెట్టుకోవచ్చు, పోయేదేమీ లేదు కదా.

2025లో మాక్ అలాట్‌మెంట్ తెచ్చారు. ఆప్షన్లు పెట్టాక, అసలు కేటాయింపుకు ముందే, ‘ఇప్పటికైతే ఇది వచ్చేలా ఉంది’ అని చూపిస్తారు. తర్వాత జాబితా మార్చుకోవచ్చు. మంచి పద్ధతి. కానీ మాక్‌లో వచ్చినదే ఖాయమని సంబరపడి వదిలేసేవాళ్ళు కొందరు, మాక్‌లో రాలేదని పై ఆప్షన్లన్నీ తీసిపారేసేవాళ్ళు కొందరు. ఆ రెండు రోజుల్లో మిగతావాళ్ళూ మారుస్తారు కాబట్టి ఫలితం మారుతుంది. మాక్‌ను తప్పులు పట్టుకోవడానికి వాడుకోవాలి. కోడ్ తప్పు పడి మెకానికల్ వచ్చిందా, ఇష్టం లేనిది వచ్చిందా అని.

సీటు వచ్చాక, చూపించిన ఫీజు కట్టి, గడువు లోపల వెబ్‌సైట్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే ఈ సీటు తీసుకుంటున్నానని తెలపాలి. చేయకపోతే సీటు దానంతటదే రద్దవుతుంది. ఎవరూ ఫోన్ చేసి గుర్తుచేయరు. ‘సీటు వచ్చింది కదా, కాలేజీ తెరిచాక చేరదాం’ అనుకుని పోగొట్టుకున్న సీట్లు ప్రతి విడతలోనూ ఉంటాయి.

ఇక రెండో విడత. మా కళ్ళ ముందు ఎక్కువ ఏడుపులు వినిపించేది ఇక్కడే. మొదటి విడత ఆప్షన్లు రెండో విడతకు పనికిరావు, మళ్ళీ కొత్తగా పెట్టాలి. అక్కడ ఒక ఉచ్చు ఉంది. ఒక అబ్బాయికి మొదటి విడతలో చ కాలేజీ ఈసీఈ వచ్చిందనుకోండి. సెల్ఫ్ రిపోర్టింగ్ చేశాడు. రెండో విడతలో ఇంకా మంచిది వస్తుందేమోనని నలభై ఆప్షన్లున్న పాత కాగితం తీసి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు. ఆ జాబితాలో చ కాలేజీ ఈసీఈ పన్నెండోది, ట కాలేజీ సివిల్ ఇరవై ఆరోది. వచ్చిన సీటు ఎలాగూ చేతిలో ఉంది కదా అని దాన్ని మాత్రం వదిలి మిగతావి పెట్టాడు. ఇరవై ఆరోదానికి పైనున్నవేవీ దక్కలేదు, అది దక్కింది. కొత్త జాబితాలో ఉన్నదేదైనా చేతిలో ఉన్న సీటుకంటే ఇతనికి ఇష్టమనే కంప్యూటర్ లెక్క. సివిల్ వచ్చింది, ఈసీఈ ఆటోమేటిక్‌గా రద్దయి తర్వాతి ర్యాంకు విద్యార్థికి వెళ్ళిపోయింది. ఎవరికి ఎన్ని అర్జీలు పెట్టుకున్నా అది తిరిగి రాదు. సూత్రం ఒక్క వాక్యం: చేతిలో సీటు ఉండగా, దానికంటే నిజంగా మంచివనిపించినవే పెట్టాలి. వాటిలో ఏదీ రాకపోతే పాత సీటు పదిలంగా ఉంటుంది. ఉన్నదానితో తృప్తిగా ఉంటే అసలు ఆప్షన్ల జోలికే పోవద్దు. ఈ ఒక్క ఉదాహరణ మీ లెక్చరర్ బోర్డు మీద వేసి చూపిస్తే చాలు, ఈ ఉత్తరం రాసినందుకు మాకు ఫలితం దక్కినట్టే.

జోసాలో సీటు వచ్చి వెళ్ళిపోయేవాళ్ళు ఇక్కడి సీటును గడువు లోపల ఆన్‌లైన్‌లో రద్దు చేసుకోవాలి. గడువు దాటితే కట్టిన డబ్బు పోతుంది, పైగా ఇంకొకరికి వెళ్ళాల్సిన సీటు ఖాళీగా మురిగిపోతుంది.

డబ్బు లెక్క ఇంట్లో ముందే వేసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి 2 లక్షలు. బీసీలకు, ఈబీసీలకు (ఓసీల్లోని పేదలకు) గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. బీసీ, ఈబీసీ పిల్లల్లో 10,000 లోపు ర్యాంకువాళ్ళకు ట్యూషన్ ఫీజు పూర్తిగా వస్తుంది. ఆ పైన ర్యాంకైతే 35,000 రూపాయలు మాత్రమే. ఏడాదికి లక్ష ఫీజున్న కాలేజీలో 24,000 ర్యాంకు బీసీ అమ్మాయి చేరితే ఏటా 65,000 ఇంట్లోంచి, నాలుగేళ్ళకు 2,60,000. హాస్టల్, బస్సు దీనికి అదనం. ‘రీయింబర్స్‌మెంట్ ఉంది కదా’ అన్న ఒక్క మాట మీద ఆధారపడి ఆప్షన్లు పెట్టిన కుటుంబాలకు ఈ లెక్క ఆగస్టులో తెలుస్తుంది. ఆప్షన్ల కాగితం మీద ప్రతి కోడ్ పక్కన ఫీజు, దాని పక్కన తమ వాటా రాసుకోమనండి. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరినవాళ్ళకు ఆ 35,000 కూడా రావు.

ఇంజినీరింగ్ కాలేజీల తరఫున పిల్లల్ని చేర్పించడానికి తిరిగే పీఆర్వోల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాం. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్‌వి, 30 శాతం యాజమాన్యానివి. ఆ 30 శాతం నింపడానికి ఇంటర్ పరీక్షలు కాకముందే ఫోన్లు మొదలవుతాయి. పిల్లల నంబర్లు వాళ్ళకెలా వెళ్తాయో మీకూ తెలుసు, మాకూ తెలుసు. అంతకంటే ప్రమాదకరమైంది, ‘ఉచితంగా ఆప్షన్లు పెట్టిస్తాం, లాగిన్ వివరాలివ్వండి’ అని ఇంటికొచ్చే మనిషి. అతను ఒకటో నంబర్లో ఏ కాలేజీ పెడతాడో చెప్పనక్కర్లేదు. పాస్‌వర్డ్ ఒక్కసారి చేతులు మారాక, చివరి నిమిషంలో జాబితా తిరగరాసినా పట్టుకునే దారి ఉండదు. విద్యార్థుల ఫోన్ నంబర్లు మీ ఆఫీసు గది దాటకుండా చూడండి. మీ ఆవరణలోకి ఏ ఇంజినీరింగ్ కాలేజీ మనిషినీ రానివ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని అట్టే పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ముందుగానే ఒరిజినల్స్ అడిగే కాలేజీకి జిరాక్సులు మాత్రమే ఇవ్వమని పిల్లలకు చెప్పండి.

మీ ల్యాబుల్లో కంప్యూటర్లున్నాయి, ప్రింటర్ ఉంది, వేసవిలో గదులు ఖాళీగా ఉంటాయి. ఆప్షన్ల వారం రోజులు ఒక ల్యాబ్ తెరిచి, ఒక లెక్చరర్‌ను కూర్చోబెట్టండి. జాబితా మీ లెక్చరర్ రాయకూడదు, పిల్ల రాసిన జాబితాలో కోడ్‌లు సరిచూసి, పైన చెప్పిన ప్రశ్న అడిగితే చాలు. అందుకు ఒప్పుకున్న కాలేజీల లెక్చరర్లకు కౌన్సెలింగ్ మొదలయ్యే ముందు ఒక పూట కూర్చుని ఇదంతా తెర మీద చూపించడానికి మేం సిద్ధం. పైసా అక్కర్లేదు. జనవరి పీరియడ్ ఏ తేదీన పెడతారో మాత్రం సంక్రాంతి సెలవుల ముందే నోటీసు బోర్డులో వేయండి. సెలవులకు ఊరెళ్ళిన పిల్లలు పాత బడికి వెళ్ళి బోనఫైడ్ తెచ్చుకుంటారు.

ఇట్లు,
హెల్ప్‌లైన్ కేంద్రాల సర్టిఫికెట్ పరిశీలన, ఆప్షన్ల సహాయ బృందాల సభ్యులు